నిప్పు తగలని నగ

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో బంగారం, వెండి కొట్లు. అక్కడికి కూతవేటు దూరంలో జనరల్ బజార్. అక్కడ పూసలు, లేసులు, కుచ్చులు, చెమ్కీలు. ఒక చోట తూకం మిల్లీగ్రాముల్లో నడుస్తుంది. రెండో చోట పూసలు దండల లెక్కన, పొట్లాల లెక్కన చేతులు మారతాయి. ఇంత దగ్గరగా ఉండి కూడా ఈ రెండు చోట్ల వాళ్ళు ఒకరి పనిని మరొకరు పనిగా ఒప్పుకోవడం అరుదు. రాగి, ఇత్తడి, వెండి తీగలు పూసలకు చుట్టి ఇళ్ళల్లో నగలు చేసే ఆడవాళ్ళ సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఆ తగువు ముదురుతోంది.

ఇది వట్టి అభిరుచుల తగువైతే వదిలేసేవాణ్ణి. నగ కొనేటప్పుడు మనం లోహానికి ధర కడుతున్నామా, చేతికి కడుతున్నామా అన్న లెక్క ఇందులో ఉంది. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు పాట్ మార్కెట్‌లో కుంపటి ముందు జీవితం గడిపిన మేనమామ. మరొకరు మారేడ్‌పల్లిలో ఇంటి దగ్గరే తీగ చుట్టే మేనకోడలు. మనుషులు కల్పితం, వాళ్ళు మాట్లాడే పని నిజం. మధ్యలో నాకు చెప్పాలనిపించిన చోట నేనూ చెబుతాను.

మేనమామ: ఈ కమ్మ చేసినవ్, చూడటానికి మంచిగనే ఉన్నది. గని దీన్ని నగ అంటే నేనొప్ప బిడ్డా. కుంపటి లేదు, మూస లేదు, వెలిగారం లేదు, టంకం లేదు. రెండు కొసలు కలిసే కాడ టంకం పెడితే ఆ రెండూ ఒక్కటే అయితయి. నీ దాంట్ల కలిసింది ఏమున్నది? తీగ తీగను పట్టుకొని ఉన్నది, అంతే. తీగ పని చూడాలంటే కరీంనగర్ పోవాలె. వెంట్రుకంత వెండి తీగను రెండు పోగులు పురిపెట్టి, అణగ్గొట్టి, పువ్వులెక్క వంచి, చట్రంల నింపి, అప్పుడు టంకం పొడి చల్లి కాగబెడతరు. ఊదే ఊపిరి జర ఎక్కువైతే పువ్వంత కరిగి ముద్దయితది. ఆ భయం ఉన్న కాడనే పనితనం ఉంటది.

మేనకోడలు: కరీంనగర్ పనికి నేను దండం పెడతా మామా. కానీ నా పనిలో భయం లేదని ఎవరు చెప్పారు నీకు? ఈ కమ్మ పట్టుకో, గట్టిగా గుంజు.

మేనమామ: ...రాలే.

మేనకోడలు: ఎందుకు రాలేదో చూడు. ఇది అర మిల్లీమీటరు రాగి తీగ, జానెడు ముక్క. పూస ఎక్కించిన. పూస మీద రెండు మిల్లీమీటర్లు వదిలి, అక్కడ ప్లయర్ కొన ఆనించి తీగను పక్కకు వంచిన. ఆ రెండు మిల్లీమీటర్లే దీనికి మెడ. ఇప్పుడు గుండ్రటి ముక్కు ప్లయర్‌తో లూప్ తిప్పాలె. ఈ ముక్కు కొసన సన్నం, మొదట్లో లావు. ఎక్కడ పట్టుకుంటే లూప్ అంత సైజు వస్తది. జత కమ్మలకు రెండు లూపులూ ఒక్కతీరు రావాలంటే ముక్కు మీద మార్కర్‌తో గీత పెట్టుకొని, ప్రతిసారీ అదే గీత దగ్గర పట్టుకోవాలె. లూప్ తిరిగినాక కొక్కెం అందులో ఎక్కించాలె. అప్పుడు మర్చిపోతే ఇగ దారి లేదు, తెంపుడే. ఆ తర్వాత మిగిలిన తోకను మెడ చుట్టూ మూడు చుట్లు. చుట్టు పక్కన చుట్టు కూర్చోవాలె, ఒకదాని మీద ఒకటి ఎక్కొద్దు, నడుమ సందు కనపడొద్దు. మూడో చుట్టు పోయి పూసకు ఆనాలె. అప్పుడు తోక కత్తిరించి, కొసను లోపలికి నొక్కాలె. ఆ కొస ఒక్క పిసరు బయటున్నా చీర కొంగు పట్టుకుంటది, మెడ గీరుతది. నా పని మంచిదా కాదా తెలియాలంటే కళ్ళతో కాదు, చెంప మీద రాసి చూడాలె.

మేనమామ: రాసి చూసిన. గీరుతలేదు. గని ఈ జతల ఎడమ దాని మెడ పొడుగున్నది. కుడి దానికి మూడు చుట్లు, దీనికి మూడున్నర.

మేనకోడలు: అవును. అందుకే అది అమ్మకానికి పెట్టలేదు.

మేనమామ: అదే నేననేది. నా చేతిల అయితే కాచి సరిచేస్త. నిప్పుంటే తప్పు దిద్దుకోవచ్చు.

మేనకోడలు: నాకు ఆ సదుపాయం లేదు. రాగిని వంచిన కొద్దీ బిగుస్తది. ఒకసారి వంచి, తప్పయిందని విప్పి, మళ్ళీ వంచితే అక్కడ గీత పడుతది, మూడోసారికి పుటుక్కుమంటది. నీకు తెలియనిదా ఇది?

మేనమామ: ఎందుకు తెల్వది! కమ్మచ్చుల తీగ గుంజేటప్పుడు అంతే. కొన్ని బెజ్జాలు దాటంగనే తీగ బిర్రుగ అయితది. చుట్ట చుట్టి, ఎర్రగ కాచి, చల్లార్చి, మళ్ళ గుంజాలె. అట్ల కాచుకుంట కాచుకుంట పోతే గ్రాము బంగారం రెండు కిలోమీటర్లకు పైనే సాగుతది.

మేనకోడలు: మరి కాచే వీలు లేని మనిషి మొదటిసారే సరిగ్గా వంచాలె గదా. నిప్పు లేకపోవడం పనిని సులువు చేసిందంటవా, కష్టం చేసిందంటవా?

ఇక్కడ నేను మేనకోడలి వైపు. నిప్పుతో చేసే పనికి మన మనసులో సహజంగానే గౌరవం ఎక్కువ. చూసేవాళ్ళకు మంట కనిపిస్తుంది, ప్రమాదం కనిపిస్తుంది. తీగ చుట్టేవాళ్ళ ప్రమాదం కనిపించదు. అది తీగ లోపల జరుగుతుంది. వంపు దగ్గర లోహం గట్టిపడుతూ ఉంటుంది, ఆ గట్టిదనం ఒక హద్దు దాటకముందే వేళ్ళు పని ముగించాలి. ఆ గట్టిదనమే చివరికి నగకు బలం కూడా. మెత్తగా మొదలైన తీగ చుట్లు పూర్తయ్యేసరికి బిగుసుకుని, టంకం లేకుండానే నిలబడుతుంది. లోహం గుణాన్ని ఇంత నమ్ముకుని చేసే పనిని కాలక్షేపం అనడం నాకు మింగుడుపడదు.

మేనమామ: సరే, కష్టమే అనుకుందం. తీగ ఏడ తెస్తున్నవ్?

మేనకోడలు: వెండి అయితే మీ పాట్ మార్కెట్‌లోనే. రాగి తీగ రాణిగంజ్‌లో, మోటార్ వైండింగ్ సామాను అమ్మే షాపుల్లో. కిలోల లెక్కన ఇస్తరు. అక్కడ నాకు పడ్డ చిక్కు చెప్తా విను. నేర్చుకున్నది అమెరికా గేజ్ లెక్కలో. అందులో 24 గేజ్ అంటే 0.51 మిల్లీమీటర్లు. రాణిగంజ్‌లో నడిచేది బ్రిటిష్ గేజ్. అందులో 24 అంటే 0.56. తేడా వెంట్రుకంతనే, కానీ ముత్యం రంధ్రంలోకి ఆ వెంట్రుక పోదు. ఇప్పుడు నెంబర్ అడగడం మానేసి, మిల్లీమీటర్లలో అడుగుత.

మేనమామ: వైండింగ్ తీగకు పైన పూత ఉంటది గదా. చెవుల పెట్టుకునేదానికి అది పనికొస్తదా?

మేనకోడలు: చెవి రంధ్రంలో పోయే కొక్కెం వెండిదే పెడతా. 92.5 వెండి. గిల్టు కొక్కేలలో నికెల్ కలిస్తే పడని వాళ్ళకు చెవి తమ్మె ఎర్రగా దురద పెడుతది. రాగి మెడలో వేసుకుంటే ఎండాకాలం చెమటకు పచ్చటి మరక అంటుతది. అది కూడా ముందే చెప్త. కడిగితే పోతది, కానీ చెప్పకుండా అమ్మితే అది మోసం.

మేనమామ: మంచిది. ఇగ అసలు తగువు ముత్యం కాడ. ముత్యాన్ని తీగకు గుచ్చుడు పాపం. ముత్యం మెత్తటిది. గాజు గీరినా గీత పడుతది. తీగ అంచు రాసుకుంటుంటే రంధ్రం పెద్దగయి, ఓ దినం పగులుతది. పట్టుదారంల గుచ్చి, ముత్యానికీ ముత్యానికీ నడుమ ముడి వెయ్యాలె. అట్లయితే ఒకదానితోని ఒకటి ఒరుసుకోవు, దారం తెగినా ఒక్కటే కింద పడుతది. దారంల నగలు గుచ్చే పట్వాలు తరతరాలుగ అదే చేస్తున్నరు.

మేనకోడలు: వరుసగా గుచ్చే దండకు పట్టుదారమే సరి, నేనూ దండలకు తీగ వాడను. కానీ ఒక్క ముత్యం వేలాడే చోట? మామా, గుత్తపూసల హారం నువ్వు చేసినవ్ గదా. ఆ అంచున ముత్యాల గుత్తులు దేంతో కట్టినవ్?

మేనమామ: ...సన్నటి బంగారు తీగతోని.

మేనకోడలు: టంకం పెట్టినవా?

మేనమామ: ముత్యం పక్కన మంట ఎట్ల పెడత? మాడి సున్నమయితది.

మేనకోడలు: నల్లపూసలకు?

మేనమామ: గాజుపూస. కాగితే చిట్లుతది. దానికీ తీగ చుట్టుడే. అటు రింగు, ఇటు రింగు, నడుమ పూస.

మేనకోడలు: అంటే హారమంతా నిప్పుతో చేసి, పూస దగ్గరికి రాగానే నువ్వు కూడా కుంపటి పక్కకు జరిపి, పట్టకారు పట్టుకొని చుట్లు చుట్టినవ్. నేను రోజంతా చేసేది అదే.

మేనమామ: మాట పట్టుకున్నవ్. గని తేడా ఉన్నది. నా తీగ 22 క్యారెట్లది. మెత్తగ ఉంటది, పూసను కోయదు. నువ్వు చుట్టేది రాగి, చుట్టంగ చుట్టంగ గట్టిపడేది. నువ్వే చెప్పినవ్ ఇప్పుడు.

మేనకోడలు: అది ఒప్పుకుంటా. అందుకే ముత్యానికి రాగి వాడను, కాచిన వెండి తీగ, అదీ సన్నటిది వాడతా. రాగి తీగ గాజుకు, రాళ్ళకు, చెక్క పూసలకు.

ఈ ఊరికి ముత్యాల పేరు ఎట్లా వచ్చిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్‌కూ సికింద్రాబాద్‌కూ సముద్రం లేదు. ముత్యాలు గల్ఫ్ నుంచి, బస్రా పేరుతో వచ్చేవి. 1893లో జపాన్‌లో మికిమోతో కొకిచి ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచడం సాధించాక, ఆ పెంపుడు ముత్యాలు బజారును ముంచెత్తాక, 1930ల నాటికి గల్ఫ్‌లో ముత్యాల కోసం మునిగే గజ ఈతగాళ్ళ బతుకు కూలిపోయింది. మన దగ్గర మాత్రం పని ఆగలేదు. బస్రా ముత్యం పోతే జపాన్‌ది, దాని తర్వాత చైనా మంచినీటి ముత్యం. ఏది వచ్చినా రంధ్రం వేసే చేయి, సైజుల వారీగా ఏరే కన్ను, గుచ్చే వేలు ఇక్కడే ఉన్నాయి. శివార్లలోని చందన్‌పేటకు పేరు వచ్చిందే ముత్యాలకు రంధ్రాలు వేసే పని వల్ల. ముత్యం బయటిది, పనితనం ఇక్కడిది. ఈ జంట నగరాలకు ముత్యాల ఊరన్న పేరు తెచ్చింది సముద్రం కాదు, ఈ చేతులు. నగ విలువంతా సరుకులోనే ఉందని ఈ ఊళ్ళో వాదించడం కష్టం.

మేనమామ: చేతుల సంగతి తర్వాత. నీ పూసలు ఏడికెల్లి వస్తున్నయి? కంటైనర్ల కొద్దీ చైనా నుంచి దిగుతయి. దాన్ని చేతిపని అని అమ్ముతున్నవ్.

మేనకోడలు: చాలా వరకు బయటివే, కాదనను. కొన్ని ఉత్తరప్రదేశ్ పుర్దిల్‌నగర్ గాజువి. నాకు కావాల్సినవి మాత్రం మన పాపానాయుడుపేటవి. తిరుపతి దగ్గర ఏర్పేడు వైపు.

మేనమామ: అక్కడ ఏముంది?

మేనకోడలు: అక్కడ గాజును గొట్టంలెక్క చేత్తో సాగదీసే పని ఉండేది మామా. కొలిమిలో కరిగిన గాజును బోలు ఇనుప గొట్టం కొనకు ముద్దలెక్క పట్టించి, ఆ ముద్ద నుంచి సన్నటి గాజు నాళం వస్తుంటే ఒకాయన నిలబడి ఆగకుండా గుంజుతనే ఉంటడు. ముద్ద లోపలి బోలే నాళానికి రంధ్రం అయితది. ఆ నాళాన్ని చిన్న ముక్కలుగా కోసి, బూడిదలో కలిపి మళ్ళీ వేడి చేస్తే అంచులు నునుపుగా అయితయి. వేలకొద్దీ పూసలు, ఒక్కదానికీ విడిగా రంధ్రం వెయ్యనక్కర్లేదు. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికా పరిశోధకుడు జీవితమంతా పూసల మీదే పని చేసిండు. రెండు వేల ఏండ్ల కింద పుదుచ్చేరి దగ్గర అరికమేడులో చేసిన పద్ధతి పాపానాయుడుపేటలో బతికి ఉందని ఆయనే రాసిండు. ఆ రకం పూసలు తూర్పు ఆఫ్రికా నుంచి కొరియా దాకా తవ్వకాల్లో దొరికినయి.

మేనమామ: మన సంగారెడ్డి దిక్కు కొండాపూర్ మ్యూజియంల గూడ పూసలున్నయి. శాతవాహనుల కాలంవి. మట్టివి, గాజువి, రాళ్ళవి. చిన్నప్పుడు మా అయ్య తీసుకపోయిండు. గోరంత రాయికి రెండు దిక్కుల నుంచి రంధ్రం తొలిచి నడుమ కలిపిన్రు. మా అయ్య చాలాసేపు దాన్నే చూసుకుంట నిలబడ్డడు.

మేనకోడలు: ఆ రంధ్రాల్లో ఉన్న దారం ఇప్పుడు లేదు. పూస మిగిలింది, గుచ్చిన పని పోయింది. పూసల పని చేసినోళ్ళ గుర్తు ఎప్పుడూ ముందు పోయేది అదే.

మేనమామ: మాట మంచిగ చెప్పినవ్. గని ఒక్కటి అడుగుత, కోపం రావద్దు. మీ కాలనీల నలుగురు ఆడోళ్ళకు నేర్పుతున్నవ్ గదా. రెండు వేలు పెట్టి రాగి తీగ, గాజు పూస కొనుక్కుంటరు. అదే రెండు వేలు నెలనెలా చీటీ కట్టి ఏడాదికి ఓ ఉంగరం చేయించుకుంటే అది ఆస్తి. ఇంట్ల ఎవరికన్న అర్ధరాత్రి గుండెల నొప్పి వస్తే ప్రైవేటు దవాఖానోడు ముందుగాల పైసలు కట్టమంటడు. పుస్తెలతాడు కుదువ పెట్టి ప్రాణం కాపాడుకున్న ఇండ్లు నాకు ఎన్నో ఎర్క. నా చేతితోని చేసిన గొలుసులే కుదువకు పోయినయి, విడిపించుకొని మెరుగు పెట్టియ్యమని మళ్ళ నా కాడికే వచ్చినయి. నీ రాగి తీగ మీద ఎవడన్న వంద రూపాయలిస్తడా?

మేనకోడలు: ఇవ్వడు.

మేనమామ: అయిపాయె మరి.

మేనకోడలు: అయిపోలేదు. నేను ఎవరికీ బంగారం మానుకొని ఇది కొనమని చెప్పలేదు. నా దగ్గర కొనేది ఎవరో చెప్తా. పొద్దున ఆరున్నరకు సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ పోయే అమ్మాయిలు. రాత్రి డ్యూటీకి నడిచిపోయే నర్సులు. వాళ్ళకు బంగారం ఉంటది, బీరువాలో. మెడలో వేసుకొని బయటికి పోవాలంటే భయం. బండి మీద వచ్చి గొలుసు తెంపుకపోతే మెడ కూడా కోసుకపోతది. వాళ్ళ ఒంటి మీద రోజూ ఉండేది నేను చేసింది. నువ్వు చేసింది పెళ్ళికి, పండుగకు, బోనాలకు ఒక్కనాడు బయటికి వస్తది.

మేనమామ: దానికి చిలకలపూడి సరుకు లేదా? మచిలీపట్నం కాడ. బంగారం పూత నగలు, దేశమంతా పోతయి. వందల కుటుంబాలు దాని మీద బతికినయి.

మేనకోడలు: చిలకలపూడిది బంగారంలెక్క కనపడాలని చేసే నగ. నాది ఏదోలెక్క కనపడాలని చెయ్యలేదు. రాగి రాగిలెక్కనే ఉంటది.

మేనమామ: గంత అల్కగ అనకు. పేదింటి పిల్ల పెండ్లి పీటల మీద బోసి మెడతోని కూసోకుండ కాపాడింది చిలకలపూడి హారం. నలుగుర్ల తల దించుకోకుండ చేసింది. ఆ హారం చేసినోడి కష్టం తక్కువ కాదు. బంగారం కాదని వాణ్ని నువ్వు చిన్నచూపు చూస్తే, బంగారం కాదని నిన్ను నేను చూసినట్టే అయితది.

ఈ ఒక్క మాటకు మేనమామకు నేను పూర్తిగా తలవంచుతాను. చేతిపని గురించి గొప్పగా మాట్లాడేవాళ్ళు తమ పక్క వీధి చేతిపనిని నకిలీ అని తోసేయడం తరచుగా చూస్తుంటాం. చిలకలపూడి నగ కొన్నవాళ్ళకు అది బంగారం కాదని తెలుసు, అమ్మినవాళ్ళకూ తెలుసు. అందులో దాపరికం లేదు.

మేనకోడలు: సరే మామా, ఆ మాట వెనక్కి తీసుకుంటా. ఇప్పుడు నేను అడుగుత. నీ షాపు బిల్లు ఒకటి తియ్యి. నల్లపూసల గొలుసుది.

మేనమామ: తీసిన. మొత్తం తూకం, దాంట్లకెల్లి పూసల తూకం తీసేసినం, మిగిలింది బంగారం తూకం. దాన్ని ఆనాటి రేటుతోని గుణించి, తరుగు ఇన్ని శాతం, మీద జీఎస్టీ మూడు శాతం. హాల్‌మార్క్ ఉన్నది. అంత లెక్క ప్రకారమే.

మేనకోడలు: చుట్లు చుట్టిన పని ఏ వరుసలో ఉంది?

మేనమామ: తరుగుల ఉంటది. నల్లపూసలకు పని ఎక్కువ గనుక తరుగు శాతం ఎక్కువ వేస్తం.

మేనకోడలు: అంటే పని ఎక్కువైతే బంగారం ఎక్కువ అరిగిపోయిందని రాస్తరు. చెయ్యి కష్టపడ్డదని రాయరు. పూసలనైతే తూకంలో తీసేస్తరు. పూసను నిలబెట్టిన వేళ్ళకు బిల్లులో చోటే లేదు. ఇంకోటి చెప్పు. బంగారం రేటు రెండింతలైతే అదే శాతానికి తరుగు రూపాయలు రెండింతలైతయి. చుట్లు చుట్టినోడి మజూరీ రెండింతలైతదా?

మేనమామ: కాదు. ఆ పైసలు వాని దాక రావు.

మేనకోడలు: మన అవుసలోళ్ళ సంగతి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు.

మేనమామ: తెల్వకేం. పెద్ద షోరూములు వచ్చినయి, మిషన్ గొలుసులు వచ్చినయి. ఊర్లల్ల అవుసలి ఇంటికి పోయి నగ చేయించుకునుడు పోయింది. ఎందరో కుంపటి ఆర్పేసిన్రు. కొందరు ప్రాణాలే తీసుకున్నరు, పేపర్లల్ల చదివినం, ఏడ్చినం. పని దొరికిన కాడ గూడ చానా వరకు బెంగాల్ కారిగర్లే. పన్నెండు గంటలు ఇరుకు గదుల కూసోని చేస్తరు. వాళ్ళ కండ్లు గూడ మా కండ్లలెక్కనే నలభై దాటంగనే మసకలయితయి.

మేనకోడలు: 1995లో నిజాం నగలు కేంద్ర ప్రభుత్వం కొన్నది గదా, 173 నగలు, దాదాపు 218 కోట్లకు. అందులో ఏడు పేటల ముత్యాల సత్లడా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు నువ్వు పోయి చూసినవ్.

మేనమామ: చూసిన. పేట పేటకూ ముత్యాలు దిగుకుంట పోతుంటే ఏ పేటా ఇంకోదాని మీద పడది. అట్ల గుచ్చుడు మామూలు చెయ్యి కాదు.

మేనకోడలు: ముత్యాల లెక్క రాసి పెట్టిన్రు, పచ్చల తూకం రాసి పెట్టిన్రు. గుచ్చినాయన పేరు రాసి ఉన్నదా?

మేనమామ: ...నాకు కనపడలే.

మేనకోడలు: అందుకే నేను తూకం లెక్క పెట్టను. ఒక జత కమ్మలకు సరుకు ఎంత, గంటలు ఎన్ని, అంతే రాస్తా. రాగి తీగ ధర చూస్తే నవ్వొస్తది, అంత తక్కువ. ధర అంతా చేతిదే. నగ ధరలో చెయ్యి కనపడాలంటే సరుకు చవకగా ఉండాలె మామా. బంగారం పెట్టగానే చెయ్యి దాని కింద మునిగిపోతది.

మేనమామ: నీ మాట నాకు నచ్చింది, నీ లెక్క నచ్చలే. గంటల లెక్కన పెడితే చేతకానోడికి ఎక్కువ పైసలు వస్తయి. కొత్తగ నేర్చినామె మూడు గంటలు చుడుతది, నువ్వు ఒక్క గంటల చుడుతవ్. మూడు గంటలకు కొనేటామె ఎందుకు కట్టాలె? మా కాడ ముక్క లెక్కన మజూరీ ఉండేది అందుకే.

మేనకోడలు: ముక్క లెక్క పెట్టే చోట మనుషులు పన్నెండు గంటలు కూర్చున్నరని ఇప్పుడే చెప్పినవ్.

మేనమామ: అన్న. అది గూడ నిజమే. ముక్క లెక్క చేతిని పిండుతది, గంట లెక్క పనిని సాగదీస్తది. దీనికి నా కాడ జవాబు లేదు.

మేనకోడలు: నా దగ్గర సగం ఉంది. నేర్చుకునే వాళ్ళ పనిని నేను అమ్మను. మెడలు సమంగా వచ్చి, కొస గీరకుండా ఉండి, జతకు జత సరిపోయే దాకా తీగ విప్పి రాగి తుక్కులో వేస్తరు. సరిగ్గా వచ్చినాక అందరి గంటా దాదాపు ఒక్కటే అయితది.

మేనమామ: అందాక వాళ్ళ ఇల్లు ఎట్ల నడుస్తది?

మేనకోడలు: మొగుడి జీతంతో, తల్లిదండ్రుల పెన్షన్‌తో నడుస్తది. అది నాకు తెలుసు. ఆధారం ఉన్న ఇంటి ఆడవాళ్ళే ఇప్పుడు ఇది నేర్చుకోగలుగుతున్నరు. ఆ లోటు నేను దాచిపెట్టను.

నేను కూడా ఆ లోటును దాటవేయలేను. ఇంట్లో కూర్చుని చేసే పని అనగానే సంపాదన అక్కర్లేని వాళ్ళ పని అని లోకం తీర్మానించేస్తుంది, ఆ తీర్మానమే మళ్ళీ ధరను కిందికి లాగుతుంది. ఊసుపోక చేసింది కదా, ఇంత ఎందుకు అనే బేరం అక్కడ పుడుతుంది. ఆ బేరానికి లొంగి ఒకామె సరుకు ధరకే కమ్మలు ఇచ్చేస్తే, నిజంగా ఆ డబ్బుతో ఇల్లు నడవాల్సిన ఇంకొకామెకు దారి మూసుకుపోతుంది. ఆధారం ఉన్నవాళ్ళు చేతికి సరైన ధర అడగడం తమకోసం మాత్రమే కాదు. అడగకపోవడం ఔదార్యం అనుకుంటే పొరపాటు.

మేనమామ: ఇంకో సంగతి. రెండేండ్లకు నీ తీగ తెగితే? నా కాడికి వచ్చినామెకు టంకం పెట్టిస్త, మెరుగు పెట్టిస్త, పాతది తీసుకొని కొత్తది చేసిస్త. నగ అంటే నలభై ఏండ్ల సంబంధం.

మేనకోడలు: తెస్తే మళ్ళీ చుట్టిస్తా. పూసలు ఆమెవే, తీగ కొత్తది, చేతి పనికి మాత్రం కట్టించుకుంటా.

మేనమామ: పూస పగిలితే?

మేనకోడలు: ప్రతి రకంలో నాలుగు పూసలు ఎక్కువ తీసి పొట్లం కట్టి పెడతా, ఏ నగవో మీద రాసి.

మేనమామ: అది అవుసలి పద్ధతి. ఎవరు నేర్పిన్రు?

మేనకోడలు: నీ అల్మారలో నల్లపూసల పొట్లాలు చూసిన, చిన్నప్పుడు.

మేనమామ: ...సరే. నగ అని ఇప్పుడు గూడ అనను. పని అంట. మంచి పని. గని నా మాట ఒకటి విను. నీ బిల్లుల రెండు వరుసలు రాయి. పూసలు, తీగ ఒక వరుస. చేతి పని ఇంకో వరుస. చేతి పని కింద అంకె సరుకు కన్నా పెద్దగ కనపడనియ్యి. కప్పిపెట్టకు.

మేనకోడలు: రాస్తా. నువ్వు కూడా రాస్తవా, నీ షాపులో?

మేనమామ: నేను చేతి పని అని వేరే వరుస రాస్తే, పక్క సందుల షోరూమోడు తరుగు లేదు, మజూరీ లేదు అని పెద్ద బోర్డు పెడతడు. రేటులనో, ఇంకో దాంట్లనో కలిపి గుంజుకుంటడు, గని బోర్డు చూసి జనం అటే పోతరు. షాపు నాది కాదు, అన్నదమ్ములది. ఒప్పుకోరు.

మేనకోడలు: అడిగి చూడు.

మేనమామ: ముందుగాల నువ్వు రాయి. జనరల్ బజార్ల ఒక్కామె ఆ రెండో వరుస చదివి, బేరం ఆడకుండ కట్టి పోయిందనుకో, ఆ బిల్లు నాకు తెచ్చి చూపెట్టు. అది పట్టుకొని నేను మా తమ్మునితోని మాట్లాడుత.